అవుటయ్యే ఆటా, అందరూ ఉండే ఆటా? మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఏది ఎంచుకోవాలి

బడి తెరిచిన మొదటి నెల గడిచేసరికి ప్లే స్కూల్ టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఇంట్లో మనవళ్లను చూసుకునే నానమ్మలు దాదాపు ఒకే మాట అడుగుతారు. "ఒకటే గుంజుకునుడు, నూకుకునుడు. కలిసి ఆడుకునుడు వీళ్లకు ఎట్ల నేర్పాలె?" దీనికి చాలామంది నీతికథలు వెతుకుతారు, లేదంటే పంచుకోవడం మంచిదని గోడ మీద ఒక చార్టు అంటిస్తారు. మూడేళ్ల పిల్లకు చెవితో ఎక్కేదాని కంటే ఒంటితో ఎక్కేది ఎక్కువ. పక్కవాళ్లతో అడుగు కలిపి నడవడం, ఒక గుడ్డను నలుగురు పట్టుకుని ఎత్తడం, ఎదుటివాళ్ల చెయ్యి వచ్చేదాకా తన చెయ్యి ఆపుకోవడం, ఆ వయసులో సహకారం అంటే ఇంతే. అందుకే కదిలే ఆటలు కావాలి. కదిలే ఆటలన్నీ ఈ పని చేస్తాయనుకుంటే మాత్రం పొరపాటు. కొన్ని ఆటలు ఉన్న దోస్తానాను కూడా చెడగొట్టి ఇంటికి పంపిస్తాయి.

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో చిన్నపిల్లల బడులకు వెళ్లి ఆటలాడించడం, టీచర్లకు చూపించడం నా పని. ఏ ఆటైనా ఎంచుకునే ముందు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ఆటలో అందరికంటే నెమ్మదిగా ఉండే పిల్లకు ఏమవుతుంది? అవుటై గోడ పక్కన కూర్చోవాల్సి వస్తే ఆ ఆట ఇంకెందుకైనా పనికొస్తుందేమో గానీ దీనికి పనికిరాదు. ఆ పిల్ల కోసం మిగతావాళ్లు ఆగాల్సి వస్తే, ఆ పిల్ల చెయ్యి లేకుండా ఆట సాగకపోతే, అదే మనకు కావాల్సింది. కింద చెప్పే ఆటలన్నిటినీ ఈ ప్రశ్నతోనే తూచాను.

ముందు వయసు సంగతి

1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటను గమనించి ఆరు రకాలుగా విడదీశారు. ఏమీ చేయకుండా ఉండిపోవడం, ఒంటరిగా ఆడుకోవడం, పక్కన నిలబడి చూడడం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, కొంచెం కలగలుపుగా ఆడడం, చివరికి అందరూ ఒకే పని మీద కలిసి ఆడడం. రెండు మూడేళ్ల పిల్లల్లో పక్కపక్కనే ఆడుకునే రకం ఎక్కువ. ఒకే పని మీద కలవడం నాలుగైదేళ్లకు పెరుగుతుంది. ఇవి మెట్లు మెట్లుగా రావని, ఐదేళ్ల పిల్లలు కూడా అప్పుడప్పుడు ఒంటరి ఆటకే పోతుంటారని తర్వాత వచ్చినవాళ్లు చెప్పారు. మనకు పనికొచ్చే సంగతి ఏంటంటే, మూడేళ్ల వాడు తన బండిని పక్కవాడికి ఇవ్వకపోతే అది మొండితనం అనుకోనక్కర్లేదు. ఆ వయసు తీరే అంత. వాడికి ఎదురెదురు జట్ల ఆట పెడితే ఏడుపే మిగులుతుంది.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూసింది. 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆటనే బోధనకు మూలంగా పెట్టింది. కాగితం మీద బాగుంది. అంగన్‌వాడీలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు ఒకే గదిలో ఉంటారు, ఒక టీచరు, ఒక ఆయా. ప్రైవేటు ప్లే స్కూల్లో ఒకే ఈడు పిల్లలను విడిగా కూర్చోబెట్టగలుగుతారు, కానీ చాలాచోట్ల పరుగెత్తే జాగా ఉండదు. అందుకే పుస్తకంలో ఉన్న ఆటల పట్టికను అలాగే దించుకుంటే రెండు చోట్లా పనిచేయదు.

గుండ్రంగా తిరిగే ఆటలు

మూడేళ్ల వాళ్లతో మొదలుపెట్టాలంటే ఇంతకంటే మంచిది లేదు. పైగా మనకు కొత్తగా నేర్చుకోవాల్సిన పని కూడా లేదు. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు వేసే అడుగు చూడండి. వంగి చప్పట్లు, లేచి చప్పట్లు, పక్కకు ఒక అడుగు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లేదు. తప్పు అడుగు వేసినా వలయం తోసుకుంటూ తీసుకుపోతుంది. వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు అమ్మ కొంగు పట్టుకుని తిరిగే నాలుగేళ్ల పిల్లలను గమనిస్తే, నోటికి పాట రాకపోయినా చేతులు మాత్రం అందరితో పాటే పడుతుంటాయి. దానికి ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మ కూడా ఇదే తీరు.

ఒకే లయలో కదలడానికి పిల్లల సహకారంతో ఉన్న సంబంధాన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో రాబినోవిచ్, మెల్ట్‌జాఫ్ అనే ఇద్దరు 2017లో ప్రచురించిన ప్రయోగంలో నాలుగేళ్ల పిల్లలను ఇద్దరిద్దరిగా ఉయ్యాలలో ఊపారు. కొన్ని జంటలు ఒకే లయలో ఊగాయి, కొన్ని ఎవరి లయలో వాళ్లు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కాల్సిన పని, వస్తువులను ఒకరికొకరు అందించుకోవాల్సిన పని ఇచ్చారు. ఒకే లయలో ఊగిన జంటలు ఆ పనులు మెరుగ్గా, చురుగ్గా చేశాయి. అంతకు ముందు 2010లో జర్మనీలో కిర్ష్‌నర్, టొమాసెల్లో చేసిన పనిలోనూ కలిసి పాడుతూ వాయిస్తూ కదిలిన నాలుగేళ్ల పిల్లలు తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయపడ్డారు. ఇవి చిన్న ప్రయోగాలు, కొద్దిసేపటి ఫలితాలు. వీటిని చూపించి పిల్లలు మారిపోతారని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మొద్దు. కానీ రోజును గుండ్రంగా తిరిగే ఆటతో మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

చేతులు పట్టుకోమంటే చిక్కులొస్తాయి. చెమట చేతులు జారతాయి, ఒకడు పక్కపిల్ల చెయ్యి గుంజుతాడు, ఇంకో పిల్లకు ఎవరైనా తాకితేనే ఇష్టం ఉండదు. దీనికి ఉపాయం పాత నూలు చీర. పొడవునా మెలిపెట్టి, రెండు కొసలు గట్టిగా ముడేసి పెద్ద వలయం చేయండి. పిల్లలందరూ ఆ చీరను పట్టుకుని తిరుగుతారు. ఒకడు గుంజితే ఆ గుంజుడు అందరి చేతులకూ తెలుస్తుంది, "ఎవరు గుంజిండ్రు?" అని పది తలకాయలు ఒక్కసారి తిరుగుతాయి. టీచరు తిట్టాల్సిన పనే ఉండదు. కొద్దిగా వదులుగా పట్టుకుని కూర్చోవడం, లేవడం, చీరను మోకాళ్ల దాకా దించడం, తల మీదికి ఎత్తడం, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, ఆగడం. మూడేళ్ల వాళ్లకు పది నిమిషాలు చాలు.

మగపిల్లలు ఈ అడుగు వేస్తే కొందరు తండ్రులు ముఖం చిట్లిస్తారు. "మావోడు బతుకమ్మ ఆడుడేంది సార్" అని అడిగినవాళ్లున్నారు. కోలాటం మగవాళ్లు ఆడరా అని ఎదురడిగితే నవ్వేసి ఊరుకుంటారు. ఆ కోలాటం కూడా బాగా పనికొస్తుంది, కాకపోతే ఐదేళ్లు దాటాలి. కట్టెల బదులు పాత పేపరు చుట్టి టేపు వేసినవి ఇవ్వండి. చిన్నచేతికి కట్టె ఇస్తే అది పక్కవాడి నెత్తి మీదికే పోతుంది.

రైలు ఆట ఈ కోవలోదే. కాజీపేట జంక్షన్ ఉన్న ఊరి పిల్లలకు ఇంజన్ అంటే వేరే చెప్పాలా. చిక్కంతా తోక దగ్గర. ముందున్నవాడు ఉరికితే చివరి పిల్లను కొరడా కొసను విసిరినట్టు విసిరేస్తుంది, ఆ పిల్ల పడుతుంది. కాబట్టి నెమ్మదిగా నడిచే పిల్లనే ఇంజన్ చేయండి. రైలు వేగం ఆమె చేతిలో ఉంటుంది, వెనక ఉన్న ఉరుకుడుగాళ్లంతా ఆగి నడవక తప్పదు. షాబాదు బండల గదిలో తడి ఉంటే మాత్రం ఆ రోజుకు రైలు వద్దు.

దుప్పటి మీద బంతి

నాలుగేళ్లు దాటినవాళ్లకు ఒకే ఒక ఆట చెప్పమంటే నేను ఇదే చెప్తాను. విదేశీ బడుల్లో రంగురంగుల పారాచూట్ గుడ్డతో ఆడించే ఆటకు ఇది మన ఇంటి రూపం. డబుల్ కాట్ నూలు దుప్పటి, ఎనిమిది మంది పిల్లలు, పాత పేపర్లను ఉండచుట్టి టేపు వేసిన బంతి. ప్లాస్టిక్ బంతి మరీ ఎగురుతుంది, దాన్ని పట్టుకోవడానికి గుంపంతా దుప్పటి వదిలేసి ఉరుకుతుంది. పేపరు ఉండ పడ్డచోటే ఉంటుంది.

మొదటిసారి ఏమవుతుందో చెప్తాను. అందరూ తమకు తోచినంత ఎత్తు లేపుతారు. బంతి ఎవరు తక్కువ లేపారో వాళ్ల వైపు దొర్లుతుంది. ఆ వైపున్న పిల్లాడు దాన్ని చంకలో పెట్టుకుని "నాది" అంటాడు. ఆట అయిపోయింది. ఇక్కడ చాలామంది టీచర్లు వాడిని మందలిస్తారు. మందలించకుండా "బంతి మళ్ల దుప్పట్ల వెయ్యి, ఈసారి కింద పడకుండ చూద్దాం" అనండి చాలు. రెండోసారీ దొర్లుతుంది. మూడోసారీ. నాలుగైదుసార్ల తర్వాత ఎవరో ఒక పిల్ల తన అంచు వదలకుండా ఎదుటివాడి వైపు చూసి "నీ దిక్కు లేపు, నీ దిక్కు లేపు!" అని అరుస్తుంది. వాడు లేపుతాడు. బంతి గునగునా నడిమికి వస్తుంది. ఒక్క క్షణం ఆగి, అందరూ ఒకేసారి కేక పెడతారు. వదలకుండా, గుంజకుండా, తన పనిని పక్కవాడి పనితో జోడించి మాటతో అడగడం అంటే ఇదే. గంటసేపు చెప్పినా రానిది అక్కడ వచ్చేస్తుంది.

కొన్ని చిన్న సంగతులు ఆటను నిలబెడతాయి. దుప్పటి అంచును రెండు చుట్లు లోపలికి చుట్టి పట్టుకోమనండి, పట్టు జారదు. మూలల దగ్గర బలమైన పిల్లలు చేరిపోతారు, నడిమి వైపులా ఉన్నవాళ్లను ఆట మరిచిపోతుంది. రెండు ఆటలకోసారి అందరినీ ఒక జాగా పక్కకు జరపండి. బంతి పడితే "వాడే వదిలిండు" అని వేలు చూపడం ఖాయం. దానికి టీచరు జవాబు ఒక్కటే ఉండాలి: "పడ్డది. మళ్ల లేపుదాం." ఎవరు వదిలారన్న విచారణ మొదలుపెడితే ఆ పిల్లాడు రేపు దుప్పటి పట్టడు. బాగా వచ్చాక పాత చీరను రెండు మడతలు వేసి నడిమిలో బంతి పట్టేంత కంత కోయండి. బంతిని ఆ కంతలోకి దించడం ఐదేళ్ల వాళ్లకు కూడా చెమట పట్టించే పని.

మూడేళ్ల వాళ్లుంటే బంతి లేకుండా ఉత్త దుప్పటి చాలు. భద్రకాళి చెరువులో గాలి లేనప్పుడు నీళ్లు ఎలా ఉంటాయి, గాలివాన వస్తే ఎలా ఉంటాయి, అంతే. నడవలేని పిల్ల ఉంటే అందరూ కూర్చునే ఆడొచ్చు, ఒక్క నియమం కూడా మార్చనక్కర్లేదు. సరిగ్గా వినపడని పిల్లకు గుడ్డ కదలికే సైగ. నా ప్రశ్నకు ఇంత గట్టిగా జవాబిచ్చే ఆట మరొకటి లేదు: నెమ్మదైన చెయ్యి ఉన్న వైపుకే బంతి పోతుంది కాబట్టి, ఆ చేతికి సాయం చేయకుండా ఎవరూ గెలవలేరు.

జంట ఆటలు: ఒప్పులకుప్ప, చెమ్మచెక్క

ఒప్పులకుప్పలో ఇద్దరూ సమానంగా వెనక్కి వాలితేనే తిరగగలుగుతారు. ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు. నమ్మకం నేర్పడానికి ఇంతకు మించింది ఉందా అనిపిస్తుంది. కానీ ఐదేళ్ల లోపు పిల్లలకు నేను దీన్ని గిరగిరా తిప్పే తీరులో పెట్టను. ఆ వయసులో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే కట్టు ఇంకా వదులుగా ఉంటుంది. చాచిన చేతిని ఒక్కసారిగా గుంజితే ఎముక తల కొంచెం పక్కకు జరుగుతుంది. పిల్ల చెయ్యి ఎత్తదు, ఒంటికి ఆనించి పట్టుకుని ఏడుస్తుంది. డాక్టర్ చిటికెలో సరిచేస్తారు, పెద్ద ప్రమాదం కాదు, కానీ దాని కోసం ఎవరూ బడికి పంపరు కదా. చిన్నవాళ్లతో అయితే ఎదురెదురుగా కూర్చుని, పాదాలు ఆనించి, చేతులు పట్టుకుని పడవలాగా ముందుకూ వెనక్కూ ఊగడం సరిపోతుంది. లయ అదే, గుంజుడు తక్కువ.

చెమ్మచెక్క నాలుగున్నర, ఐదేళ్ల వాళ్లది. ఎదుటి చెయ్యి వచ్చేదాకా ఆగాలి, అదే దాని బలం. ఒక్క ఇబ్బంది ఏంటంటే జంటలు గడ్డకట్టుకుపోతాయి. రోజూ అదే ఇద్దరు, వాళ్ల మధ్యకు మూడో పిల్ల వస్తే "నువ్వద్దు పో". రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబెట్టి ప్రతి పాటకూ ఒక వరసను ఒక్కొక్కరు పక్కకు జరిపితే అందరికీ అందరూ దొరుకుతారు. జూన్‌లో పేర్లు కూడా తెలియని కొత్త పిల్లలకైతే ముందు వీరి వీరి గుమ్మడిపండు ఆడించండి. కళ్లు మూసి పేరు చెప్పించే ఆట కాబట్టి, వారం తిరిగేసరికి ఒకరినొకరు "ఏయ్" అని పిలవడం మానేసి పేరు పెట్టి పిలుస్తారు. పేరు రాని పిల్లతో పని కలిసి చేయడం ఎట్లా?

కుర్చీలాటా, జంపకానా ఆటా

బర్త్‌డే ఫంక్షన్‌లో, సంక్రాంతి సంబరాల్లో, యానివర్సరీ రోజు, ఎక్కడ చూసినా కుర్చీలాట. ఆడించేవాళ్లకు తేలిక, చూసేవాళ్లకు సరదా. ఆడేవాళ్లలో మొదట అవుటయ్యేది ఎవరు? అందరికంటే చిన్నపిల్ల, అందరికంటే బిడియస్తుడు. ఎవరికి అభ్యాసం కావాలో వాళ్లకు అందరికంటే తక్కువ ఆట. మిగిలినవాళ్లు నేర్చుకునేది పక్కవాడిని తోసైనా జాగా పట్టుకోవడం. మనం నేర్పాలనుకున్నదానికి సరిగ్గా తలకిందులు.

అదే ఆటను కుర్చీలు తీసేసి జంపకానాతో ఆడండి. కొత్తవాడలో నేసే మన వరంగల్ దరీలకు 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో పాతది ఒకటి ఉంటే దానికి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు. డప్పు మోగినంతసేపు పిల్లలు దాని చుట్టూ తిరుగుతారు. ఆగగానే అందరూ దాని మీదికి ఎక్కాలి. తర్వాత సగానికి మడుస్తారు. మళ్లీ సగానికి. పిల్లలు ఎవరూ తగ్గరు, జాగా మాత్రమే తగ్గుతుంది. అందరి కాళ్లూ లోపలుంటేనే గెలిచినట్టు. మూడో మడతకు పెద్దపిల్లలు చిన్నవాళ్లను చంకనెత్తుకుంటారు, ఒకరి నడుము ఒకరు పట్టుకుంటారు, "నీ కాలు బయటున్నది, ఇటు రా" అని గుంజుకుంటారు. గుంజుడు అదే, దాని దిశ మారింది.

ఒక దరీకి పది మందికి మించొద్దు. మూడో మడత దగ్గర టీచరు పక్కనే నిలబడాలి, అక్కడే తోపులాట మొదలవుతుంది. బండ మీద దరీ జారుతుంది కాబట్టి కింద రబ్బరు మ్యాటో, తడిపి పిండిన గోనెసంచో వేయాలి.

పరుగు ఆటలు, జట్టు ఆటలు

ఇక్కడ తొందరగా పోతాను. ముట్టుడాటలో ఉత్తది వద్దు, లాక్ అండ్ కీ మేలు: దొంగ ముడితే బొమ్మలా నిలబడాలి, దోస్తు వచ్చి ముడితే విడుదల. తప్పించుకుని ఉరికే పిల్ల వెనక్కి తిరిగి ఇంకొకరిని విడిపించడానికి రావడం గొప్ప సంగతి. ఐదేళ్లకు ముందు రాదు, పెద్ద జాగా కావాలి. నేల-బండ కూడా సరదాగా ఉంటుంది, సహకారం పెద్దగా ఏమీ ఉండదు.

కబడ్డీ మన పల్లెల్లో ప్రాణం. ఐదేళ్ల వాళ్లకు పెడితే కుస్తీ అవుతుంది. ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు అటు ఒకరు ఇటు మొహం పెట్టి కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడాలి. ఆరేళ్ల లోపు వాడు మట్టిలో బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటాడు, పిలుపు వినడు. రెండూ రెండో మూడో తరగతికి దాచిపెట్టండి. తాడు గుంజుడు కూడా అంతే, అరచేతులు కాలిపోతాయి. ఆ తాడునే రెండు కొసలు ముడేసి గుండ్రంగా చేసి, చుట్టూ కూర్చోబెట్టి, అందరూ ఒకేసారి వెనక్కి వాలి ఆ బలంతో లేచి నిలబడమనండి. ఐదేళ్ల పిల్లలకు అది గెలుపే. ఒకరు తొందరపడితే ఎవరూ లేవలేరు. లావు నూలు తాడు మాత్రమే వాడండి, చేతికి చుట్టుకోనివ్వద్దు.

ఇక పరుగు పందాలు. మూడేళ్ల పిల్లలను గీత మీద నిలబెట్టి విజిల్ ఊది, తల్లిదండ్రులు అటు కొస నుంచి ఫోన్లు పట్టుకుని "ఫస్ట్ రావాలి బేటా" అని అరిచే స్పోర్ట్స్ డే ఒక బడిలో చూశాను. సగం మంది గీత దగ్గరే ఏడుస్తున్నారు. ఆ రోజు ఎవరికీ ఏమీ నేర్పలేదు, ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. అడ్డంకుల దారి, అంటే టైర్లు దూకడం, బల్ల కింద పాకడం, ఒంటికి మంచిదే. వరసలో నిలబడే సమయం ఎక్కువ, కలిసి చేసేది తక్కువ. ఇద్దరు కలిసి బకెట్టు మోసుకుంటూ దాటమంటే కొంత నయం.

టీవీ ముందు డ్యాన్స్ సంగతి

చాలా ప్లే స్కూళ్లలో యాక్షన్ సాంగ్ అంటే స్మార్ట్ టీవీ పెట్టి దాని ముందు పిల్లలను నిలబెట్టడం. ఒళ్లు కదులుతుంది, నిజమే. పిల్లల చూపు ఎటు ఉందో చూడండి. ఇరవై మంది ఒకే దిక్కు, ఎవరూ ఎవరి మొహం చూడరు. పక్కవాడు పడిపోయినా తెర ఆగదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలు ఒళ్లు కదపాలని, అందులో కనీసం 60 నిమిషాలు గట్టిగా కదలాలని, కూర్చుని తెర చూసే సమయం గంట దాటొద్దని చెప్పింది. టీవీ డ్యాన్స్ ఆ నిమిషాలు నింపడానికి ఉపయోగపడొచ్చు. కలిసి ఆడడం నేర్పడానికి పనికిరాదు. అదే పాటను టీచరే పాడితే, పిల్లలు గుండ్రంగా నిలబడితే, ఎవరైనా వెనకబడితే పాట ఆగుతుంది. టీచరుకు గొంతు బాగుండాల్సిన పని లేదు.

మరి ఎవరికి ఏది

అంగన్‌వాడీకి: చీర వలయంతో రోజు మొదలుపెట్టండి, మూడేళ్ల వాళ్లూ ఆరేళ్ల వాళ్లూ కలిసి ఆడగలిగే ఆట ఇదొక్కటే. ఆ తర్వాత ఆయా చిన్నవాళ్లను తీసుకుని పక్కకు కూర్చుంటే, నాలుగు దాటినవాళ్లతో దుప్పటి బంతి. మిగతావి వారానికి ఒకటి చాలు. మధ్యాహ్నం అన్నం, గుడ్డు తిన్నాక ఏ గెంతులూ వద్దు. మార్చి నుంచి ఎండ ముదిరితే పొద్దున తొమ్మిదిన్నర లోపే బయటి ఆట ముగించి లోపలికి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ వాకిళ్లలో సిమెంటు మీద చెప్పుల్లేని పాదం నిలవదు.

చిన్న గదుల ప్లే స్కూల్‌కి: జంపకానా, తాడు వలయం, వరసల చెమ్మచెక్క. ఒక ఈడు పిల్లలే కాబట్టి ఈ మూడూ నడుస్తాయి. ఇరవై మందిని ఒకేసారి ఆడించాలని చూడకండి. పది మంది ఆడుతుంటే పది మంది డప్పు కొడుతూ పాడడం కూడా ఆటలో భాగమే.

ఇంట్లో అయితే, ముఖ్యంగా మూడేళ్ల చెల్లి, ఆరేళ్ల అన్న ఉన్న ఇంట్లో, ప్రతి ఆటా అన్నే గెలిచి చెల్లే ఏడ్చి ముగుస్తుంది. వాళ్లకు ఒక తువ్వాలు ఇవ్వండి. చెరో కొస పట్టుకుని నడిమిలో బంతి పెట్టుకుని హాల్ నుంచి వంటింటి దాకా మోసుకురావాలి, కింద పడితే మళ్లీ మొదటి నుంచి. అన్న ఉరికితే బంతి పడుతుంది. రెండు రోజుల్లో వాడే తన నడక తగ్గించుకుంటాడు. నానమ్మ లేవనక్కర్లేదు, చేట పట్టుకుని కూర్చుంటే చాలు, బంతి అందులో పడాలి. సాయంత్రం పబ్లిక్ గార్డెన్‌కో, వడ్డేపల్లి చెరువు గట్టుకో తీసుకెళ్లినా ఈ తువ్వాలు సంచిలో పట్టేస్తుంది.

ఏది ఎంచుకున్నా కనీసం మూడు వారాలు అదే ఆడించండి. రోజుకో కొత్త ఆట పెద్దలకు ముచ్చట. పిల్లలకు నియమం నేర్చుకోవడానికే సమయం సరిపోతుంది, పక్కవాళ్లను చూసే తీరిక దొరకదు. ఆట పని చేస్తోందో లేదో బొమ్మలు పంచుకోవడంలో వెతక్కండి. అది చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు కనబడేవి చిన్నవి: జాగా ఇవ్వడానికి కాస్త జరగడం, పేరు పెట్టి పిలవడం, బంతి పడ్డప్పుడు నవ్వడం, మొదలుపెట్టే ముందు "అందరొచ్చిండ్రా?" అని ఎవరో ఒకరు లెక్క చూడడం.

ప్రతి గదిలోనూ ఆటలోకి రాని పిల్ల ఒకరు ఉంటారు. చెయ్యి పట్టి లాక్కురావొద్దు. పక్కన నిలబడి చూడడం కూడా పార్టెన్ లెక్కలో ఒక రకం ఆటే. దొర్లిపోయిన బంతిని తెచ్చి దుప్పట్లో వేసే పని ఆ పిల్లకు అప్పజెప్పండి. ఆట ఆమె చేతి మీద ఆధారపడుతుంది, ఆమె మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. వారాల తరబడి అలాగే ఉండి, ఎవరూ అడగకుండానే అంచు పట్టుకున్న పిల్లలున్నారు. అప్పుడు చప్పట్లు కొట్టి అందరికీ చూపించకండి, మళ్లీ వెనక్కి పోతుంది.

చివరగా కొనే సంగతి. ఆన్‌లైన్‌లో పది, పన్నెండు అడుగుల రంగుల పారాచూట్లు దొరుకుతాయి. తేలిగ్గా ఉంటాయి, చుట్టూ పట్టుకునే పిడులుంటాయి, గాలి పట్టి బుస్సున లేస్తుంటే పిల్లలకు పండగే. పన్నెండు మంది దాటి పిల్లలుండి, పైన ఫ్యాన్ తగలని జాగా ఉంటే కొనండి. ఎనిమిది మందికైతే దుప్పటే మేలు. బరువుగా ఉంటుంది కాబట్టి ఒక్కరు వదిలినా మిగతా చేతులకు తెలుస్తుంది. ఫోమ్ మ్యాట్లు, రంగు కోన్లు, ప్లాస్టిక్ టన్నెళ్లు ఉన్న సెట్ల మీద డబ్బు పెట్టే ముందు ఒక్కో వస్తువును పిల్లలు ఎంతమంది ఒకేసారి పట్టుకోగలరో చూసుకోండి. ఒక్కరే వాడేదైతే, వాటి చుట్టూ కొట్లాటకు కొత్త కారణం కొన్నట్టే.